సీడు బండి ఎడమ యాక్సిల్ రాడ్డు

నేను ఒక యాక్సిల్ రాడ్డుని. పేరు వినగానే మీ మొహంలో ఏ కదలికా రాకపోతే నేనేం నొచ్చుకోను, నాకది అలవాటే. ఇంజను అంటే మీకు తెలుసు. స్టీరింగు తెలుసు. హారన్ గురించైతే మీలో కొందరికి అవసరానికి మించి తెలుసు. ఈసారి ఏదైనా లారీ వెనకాల ఇరుక్కుపోయినప్పుడు తిట్టుకునే బదులు కాస్త వంగి చూడండి. వెనక చక్రాల మధ్య అడ్డంగా లావుపాటి ఇనప గొట్టం ఒకటి కనిపిస్తుంది, నడిమధ్యన కుండలాంటి ఉబ్బుతో. ఆ గొట్టంలో నూనె మడ్డి మధ్య ఎడమవైపు ఒకడు, కుడివైపు ఒకడు పడుకుని ఉంటాం. అందులో ఎడమవాణ్ణి నేను.

నేను పుట్టింది తమిళనాడులో ఒక ఫ్యాక్టరీలో. ఎర్రగా కాలిన ఉక్కు కడ్డీ ఒక కొసని సమ్మెటతో బాది పళ్ళెంలా వెడల్పు చేశారు. ఆ పళ్ళేనికి ఎనిమిది చిల్లులు పెట్టారు. రెండో కొసన చుట్టూ పళ్ళు కోశారు. తర్వాత ఒళ్ళంతా కాల్చి చన్నీళ్ళు కుమ్మరించారు. దాంతో పైచర్మం గట్టిపడింది, లోపల మాత్రం మెత్తగా ఉండిపోయాను. లోపల కూడా గట్టిపడితే చిన్న దెబ్బకే పెళుసుగా విరుగుతామట. మనుషుల్ని పెంచే ఇళ్ళకి ఈ సూత్రం ఇంకా అందినట్టు లేదు.

మా పనేమిటో చెబుతాను, పెద్ద చదువేమీ అక్కర్లేదు. ఇంజను ముందు కూర్చుని గిరగిరా తిరుగుతుంది. ఆ తిప్పుడు గేర్‌బాక్సులో కాస్త నెమ్మదించి, బలం పుంజుకుని, బండి కింద పొడుగ్గా ఉండే ప్రొపెల్లర్ షాఫ్టు వెంట వెనక్కి వస్తుంది. అక్కడొక చిక్కుంది. షాఫ్టు బండి పొడుగునా తిరుగుతోంది, చక్రాలేమో అడ్డంగా ఉన్నాయి. ఆ తిప్పుడుని పక్కకి మళ్ళించేది నేను చెప్పిన కుండలోని పళ్ళ చక్రాలు. మళ్ళించాక దాన్ని రెండు భాగాలు చేసి ఎడమకింత, కుడికింత అని పంచేవాడు డిఫరెన్షియల్. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి, లోపలిది తక్కువ. ఇద్దరికీ సర్దిచెప్పి నడిపిస్తాడు కాబట్టి ఆయన మా ఇంటి పెద్దమనిషి. ఆయనకి ఒకటే బలహీనత. ఎటువైపు తేలిగ్గా తిరిగితే అటే పరుగు పెడతాడు. ఈ బలహీనత వల్లే తర్వాత మా కొంప మునిగింది.

ఆయన చేతిలో నా పళ్ళు ఉంటాయి. రెండో కొసన ఎనిమిది నట్లతో నన్ను చక్రానికి బిగిస్తారు. ఆయన నన్ను తిప్పితే నేను చక్రాన్ని తిప్పుతాను, చక్రం నేలని వెనక్కి తన్నుతుంది, మీరు ఊరు చేరతారు. బండి బరువంతా పైగొట్టమే మోస్తుంది, నాకు బరువు తెలియదు. నాకు తెలిసిందల్లా మెలిక. ఎత్తు ఎక్కేటప్పుడు లోపలినుంచి ఆయన తిప్పుతాడు, బయట చక్రం మొరాయిస్తుంది, మధ్యలో నేను పిండిన బట్టలా మెలిపడతాను. కంటికి కనిపించదు గాని లోపల నాకు తెలుస్తుంది. ఎంత మెలిపడ్డానన్నదాన్ని బట్టి బండిలో ఎంత సరుకుందో చెప్పేసేవాణ్ణి.

నన్ను బిగించిన లారీ మొదటి నాలుగేళ్ళు తవుడు బస్తాలు తోలింది. తర్వాత కైకలూరు దగ్గర పెద్దిరాజు కొన్నాడు. తనే ఓనరు, తనే డ్రైవరు. కొనగానే వెనక తొట్టెలో మందపాటి టార్పాలిన్ పరిచి, నిండా నీళ్ళు పోసి, దాన్ని సీడు బండి చేశాడు. సీడు అంటే విత్తనాలు కాదు, వేలెడంత చేపపిల్లలు. చేపగుడ్లు పొదిగించే హేచరీ దగ్గర వేలకి వేలు నింపుకుని చెరువుల దాకా తోలడమే మా పని. చేపపిల్లలకి ఊపిరాడాలంటే నీళ్ళు కదులుతూ ఉండాలి. బండి పరుగెడుతుంటే కుదుపులకి కొంత కదులుతాయి. మిగిలింది మనిషి కదపాలి. నడుంలోతు నీళ్ళలో నిలబడి రెండు చేతులతో నీళ్ళు కొడుతూనే ఉండాలి, హేచరీ నుంచి చెరువు దాకా.

మా బండిలో నీళ్ళు కొట్టే మనిషి నాంచారమ్మ. ఆ పనిలో ఆడవాళ్ళు అరుదు. మొగుడు నడుంనొప్పితో మానేస్తే ఆయన బదులు ఒకరోజు ఎక్కింది, మరి దిగలేదు. మా బండి కంటే ముందు వేరే బండ్లలో కూడా చేసింది, మొత్తం పద్దెనిమిదేళ్ళు. ఆమె మొహం నేనెప్పుడూ చూడలేదు, నా బతుకు గొట్టంలో కదా. ఆమె చేతుల చప్పుడు మాత్రం తొట్టె అడుగునుంచి వినపడేది. నీళ్ళు కొడుతూ పిల్లలతో మాట్లాడేది. “ఇదిగో, వచ్చేశాం. ఇంకో రెండు కిలోమీటర్లు. చచ్చిపోతే నామీద ఒట్టే,” అనేది. చెరువు రాగానే పిల్లలు కొనుక్కున్నవాళ్ళ చెరువులోకి పోయేవి. ఆమె తడిచీర పిండుకుని ముందు సీట్లో కూర్చునేది. ఒకటే మాట అనేది పెద్దిరాజుతో: “ఒక్కసారన్నా నా చెరువుకి నేను పిల్లలు తోలుకుపోవాలిరా తమ్ముడూ.”

మా వైద్యుడు సుభానీ మేస్త్రీ. కైకలూరు రోడ్డులో రేకుల షెడ్డు ఆయనది. ఆయనకి తెలిసిన ఒక రహస్యం చాలామందికి తెలియదు. నేనూ నా కుడివైపు కవలా చూడటానికి ఒకటే. పొడుగు ఒకటే, పళ్ళు ఒకటే, ఎవర్ని ఎటు పెట్టినా చక్కగా పడతాం. కానీ కొత్తలో మాత్రమే ఒకటి. ఏళ్ళ తరబడి నేను ఒకవైపుకి మెలిపడతాను, వాడు దానికి ఎదురువైపుకి. ఆ మెలిక ఒంట్లో ఇంకిపోతుంది. అప్పుడు మమ్మల్ని అటుదిటు ఇటుదటు మార్చారో, అలవాటైన మెలికకి ఎదురు మెలిక పడుతుంది. కొన్నాళ్ళు ఓర్చుకుంటాం, తర్వాత విరుగుతాం. అందుకని సుభానీ మేస్త్రీ నా పళ్ళెం మీద ఒక చుక్క, వాడి పళ్ళెం మీద రెండు చుక్కలు పంచి మొనతో గుంట పడేలా కొట్టాడు. విప్పిన ప్రతిసారీ వేలితో తడిమి చూసుకుని బిగించేవాడు.

ఇప్పుడు పెద్దిరాజు భక్తి గురించి చెప్పాలి. మంచివాడే. దైవభక్తీ ఎక్కువే, రంగుల మీద ప్రేమా ఎక్కువే. దసరాకి ఆయుధపూజ చేస్తే అందరూ బండికి ఒక బొట్టు పెడతారు. ఇతను ఒక ఏడు చక్రాల మధ్యన బయటికి కనిపించే మా పళ్ళేలకి కూడా చిక్కటి పసుప్పచ్చ పెయింటు రెండు పూతలు వేసి, ఎర్ర పెయింటుతో బొట్లు పెట్టాడు. నా జన్మలో నాకు జరిగిన మొదటి పూజ అది. అంతవరకూ పూలన్నీ రేడియేటరుకే వెళ్ళేవి. నేను పొంగిపోయాను, దాచడం ఎందుకు. ఆ పెయింటు కింద మేస్త్రీ చుక్కలు పూడుకుపోయాయని నాకూ తట్టలేదు.

మరుసటేడు వానలు పడ్డాయి. సీడు పని ఆఖరికొచ్చే వేళకి చక్రాల దగ్గర నూనె కారడం మొదలైంది. నూనెని ఆపే రబ్బరు సీళ్ళు మార్చాలి. మేస్త్రీ కంటి ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో నల్లద్దాలతో కూర్చున్నాడు. “ఎనిమిది నట్లేగా,” అని పెద్దిరాజు తనే విప్పాడు. మమ్మల్నిద్దర్నీ లాగి గోనెపట్టా మీద పక్కపక్కన పడుకోబెట్టాడు, భోజనానికి వెళ్ళాడు, వచ్చాడు. చూస్తే ఇద్దరమూ పసుపే. ఎవడు ఎటువాడో తెలియదు. ఫోన్ చేసి అడిగితే మేస్త్రీ తిడతాడని భయం. కాసేపు నడుం మీద చెయ్యేసుకుని ఆలోచించాడు. తర్వాత ఏ బొట్టు పెద్దదో చూశాడు. పెద్దబొట్టు కుడివైపే పెట్టి ఉంటాను, కుడి శుభం కదా అని తేల్చుకుని నన్ను తీసుకెళ్ళి కుడివైపు తోశాడు. పెద్దబొట్టు నాది. ఆ రోజు పెయింటు డబ్బాలో కాస్త ఎక్కువ ముంచాడంతే, ఇంకేం లేదు.

మొదటిరోజే నాకు తెలిసింది. ప్రతి ఎత్తులోనూ ఒళ్ళు ఎదురు తిరిగేది. కేకలు పెట్టే నోరు నాకు లేదు. ఉంటే ముందు నా బొట్టునే తిట్టేవాణ్ణి.

సరిగ్గా ఆ నెలలోనే నాంచారమ్మ ఒక చెరువు కౌలుకి తీసుకుంది. కోరిక తీరింది. హేచరీలో ఆ ఏటికి ఆఖరి విడత పిల్లలు మిగిలితే అవి ఆమెకి దక్కాయి. శీలావతి, బొచ్చె కలిపి మా తొట్టె నిండా నింపారు. ఇది చెరువు చేరిందా, ఆమె చేపల రైతు. చేరలేదా, చెరువు ఏడాదంతా ఉత్తనీళ్ళతో ఉంటుంది, ఆమె మళ్ళీ ఇంకొకరి పిల్లల కోసం నీళ్ళు కొట్టాలి. పెద్దిరాజుకీ ఆ సంగతి తెలుసు. ఆవేళ హారన్ కూడా మెల్లగా కొట్టాడు.

దూరం నలభై కిలోమీటర్లు. ముప్ఫై దాకా బాగానే వెళ్ళాం. పైన ఆమె చేతుల చప్పుడు ఆరోజు వేరేగా ఉంది, తొందరగా, ఆనందంగా. మురుగుకాలవ వంతెన వచ్చింది. ఎత్తు నిలువుగా ఉంది. పెద్దిరాజు గేరు మార్చి తొక్కాడు. ఇంజను బలమంతా నా పళ్ళ మీదికి వచ్చింది, చక్రం బిగుసుకుంది, అలవాటు లేని వైపుకి నా ఒళ్ళు తిరిగింది. ఫటాల్‌మని శబ్దం. పళ్ళున్న కొసకి జానెడు దూరంలో నేను రెండు ముక్కలయ్యాను.

ఇంజను గర్జిస్తూనే ఉంది. షాఫ్టు తిరుగుతూనే ఉంది. మా పెద్దమనిషి డిఫరెన్షియల్ ఏం చేశాడో తెలుసా? పళ్ళతో లోపల మిగిలిన నా ముక్క ఏ అడ్డూ లేకుండా తేలిగ్గా తిరుగుతోంది కదా, బలమంతా దానికే ధారపోశాడు. అవతలివైపు నా కవల నిక్షేపంలా ఉన్నాడు, వాడికి చిటికెడు కూడా ఇవ్వలేదు. బండి కొద్దిగా వెనక్కి జారి బ్రేకుల మీద నిలబడింది. తొట్టెలో నీళ్ళు ఊగి ఊగి ఆగాయి.

“ఏమైందిరా పెద్దిరాజూ? బండెందుకాగింది?” పైనుంచి నాంచారమ్మ కేక.

“ఇంజను తిరగతందక్కా, బండి కదలట్లేదు. రాడ్డు పోయినట్టుంది.”

“పోతే పోయింది. నువ్వు దాని సంగతి చూడు. ముందు మనుషుల్ని ఎక్కించు. పిల్లలు ఊపిరాడక పైకొచ్చేత్తన్నాయి!”

ఆ రోడ్ల మీద ఒక పద్ధతి ఉంది. సీడు బండి ఆగిపోయి కనిపిస్తే, దారిన పోయేవాడు ఎవడైనా సరే ఎక్కి నాలుగు దెబ్బలు కొట్టి పోవాలి. ఎవరు పెట్టారో తెలియదు గాని పాటిస్తారు. రోడ్డు పన్ను కట్టమంటే వంద సాకులు చెప్పే మనిషి, దీనికి మాత్రం చెప్పులు విడిచి ఎక్కుతాడు. ముందు ఇద్దరు సైకిళ్ళవాళ్ళు ఎక్కారు. వాళ్ళు చాలరు. అంతలో జాతరకి వెళుతున్న ట్రాక్టరు వచ్చింది. దాని వెనక ట్రక్కులో పన్నెండు మంది కోలాటం ఆడవాళ్ళు, పన్నెండు చిలకపచ్చ చీరలు, ఒక స్పీకరు పెట్టె.

“చీరలు తడిసిపోతాయే!” అంది ఒకామె.

“తడిత్తే ఆరతాయి, ఎక్కండే,” అంది జట్టు పెద్ద సత్యవేణి, కొంగు దోపుకుంటూ.

ఆ తర్వాత నేను విన్న చప్పుడు మళ్ళీ వినలేదు. మొదట తలోరకంగా కొట్టారు. సత్యవేణి ఊరుకోలేదు, “తాళం తప్పద్దు!” అని అరిచింది. పన్నెండు జతల చేతులు ఒక్క దెబ్బగా నీళ్ళ మీద పడ్డాయి. వాటి మధ్యన నాంచారమ్మ చేతులు కూడా అదే తాళంలో.

కింద పెద్దిరాజు రోడ్డు మీద బోర్లా పడుకుని మేస్త్రీకి ఫోన్ చేశాడు. స్పీకరు పెట్టాడు గనక అంతా విన్నాను.

“ఏ వైపు విరిగిందిరా?”

“కుడిదండి.”

“సీళ్ళు మార్చినప్పుడు చుక్క తడిమి చూసేవా?”

“చుక్క ఎక్కడ కనపడిందండీ... పెయింటే ఉంది.”

“పెయింటా?”

“ఆయుధపూజకి ఏశానండి.”

“ఓరి నీ భక్తి తగలెయ్య,” అన్నాడు మేస్త్రీ. “సరే విను. రెండూ మారిపోయినయ్. ఇప్పుడు ఎడమపక్క ఉన్నదాన్ని తీసి కుడిపక్క పెట్టు, దాని చోటదే. ఇదే మోడలు బండి ఏదొచ్చినా ఆపు, దాని ఎడమ రాడ్డు తెచ్చి నీ ఎడమకెయ్యి. జాకీ అక్కర్లా. లోపల విరిగిన ముక్కుంటది, అది రాకపోతే ఏదీ ఎక్కదు. దానికి అయస్కాంతం కావాల. చుట్టుపక్కల పాటల పెట్టె ఏదన్నా ఉందా?”

పెద్దిరాజు మెల్లగా ట్రాక్టరు వైపు చూశాడు. పైనుంచి సత్యవేణి కూడా చూసింది. “అది కొత్తదయ్యా! జాతరలో పాట ఎట్టా మరి?” అంది. అని, నీళ్ళలోకి చూసింది. నీటి పైకి వేలకొద్దీ బుల్లి నోళ్ళు తేలి, తెరుచుకుని మూసుకుంటున్నాయి. “తీసుకోండి. ఇయ్యాల గొంతులతోనే పాడతాం,” అంది.

స్పీకరు విప్పి అయస్కాంతాన్ని వెదురుగడ కొసన గుడ్డతో కట్టారు. నన్ను బయటికి లాగి తారురోడ్డు పక్కన పడేశారు. తర్వాత గడని గొట్టంలోకి దూర్చితే, లోపలున్న నా జానెడు ముక్క దానికి అతుక్కుని వచ్చింది. నా శరీరం అలా రెండు చోట్ల ఎండలో పడి ఉంటే చూడటానికి బాగోలేదు. ఎనిమిదేళ్ళలో వెలుగు చూడటం అది ఏ మూడోసారో. అప్పుడే నాంచారమ్మ మొహం చూశాను. చామనచాయ, నుదుట చెమట, నీళ్ళలో నానిన తెల్లటి వేళ్ళు. ఎవర్నీ తిట్టడం లేదు. కొడుతోందంతే. ఆ మొహం చూసి నాకు సిగ్గేసింది. తప్పు నాది కాదని నాకు తెలుసు. అయినా విరిగింది నేనే.

అదృష్టం ఇటికల లారీ రూపంలో వచ్చింది, మాదే మోడలు. దాని డ్రైవరు ఏసుదాసు తల బయటికి పెట్టి సంగతంతా విన్నాడు.

“బాగుందండోయ్. నా రాడ్డు పీకిచ్చి, నేను ఇటికలేసుకుని ఈ వంతెన కాడ కూర్చోవాలా?” అన్నాడు.

పెద్దిరాజు ఏదో బతిమాలబోయాడు. నాంచారమ్మ తొట్టెలోంచి అడ్డొచ్చింది. “బాబూ, ఇయ్యద్దులే. ముందు నువ్వూ ఎక్కి పది దెబ్బలు కొట్టు. పద్ధతి అదేగా. తరవాత నీ ఇష్టం,” అంది.

ఏసుదాసు కాదనలేక ఎక్కాడు. పది దెబ్బలు కొట్టాడు. కొడుతుంటే అతని వేళ్ళ సందుల్లో పిల్లలు ఊపిరి కోసం నోళ్ళు పెట్టాయి. పదకొండో దెబ్బ కొట్టలేదు. దిగి, తన లారీ దగ్గరికి నడిచి, పానా తీసి ఎడమచక్రం నట్లు తిప్పడం మొదలుపెట్టాడు. “ఎయ్యవయ్యా తొందరగా! ఏం చూస్తావ్?” అని పెద్దిరాజునే కసిరాడు.

అరగంటలో అంతా అయిపోయింది. నా కవల తన చోటికి తాను వెళ్ళాడు, ఏసుదాసు రాడ్డు నా చోటికి వెళ్ళింది. బండి ఒక్క ఊపులో వంతెన ఎక్కి దిగిపోయింది, పన్నెండు చిలకపచ్చ చీరల్నీ తొట్టెలోనే పెట్టుకుని. వెనకాల ఖాళీ ట్రాక్టరు. తాళం చాలాదూరం దాకా వినపడింది.

మిగిలింది ఏసుదాసు, అతని ఇటికల లారీ, నేను. అతను నా పక్కనే గట్టు మీద కూర్చుని బీడీ ముట్టించాడు. “బతుకుతాయంటావా?” అన్నాడు. అక్కడ మూడో ప్రాణి లేదు, కాబట్టి నన్నే అడిగి ఉండాలి. ఇన్నేళ్ళలో ఒక మనిషి నా అభిప్రాయం అడగడం అదే మొదలు. ఇంకా పది కిలోమీటర్లుంది. ఎండ దిగేదాకా ఇద్దరం అటే చూస్తూ కూర్చున్నాం.

సాయంత్రం పెద్దిరాజు, అప్పు తెచ్చిన రాడ్డు తిరిగివ్వడానికి ఎవరిదో ఆటోలో వచ్చాడు. దిగీదిగకుండానే ఏసుదాసు అడిగాడు, “ఏమైంది?”

“చచ్చి తెల్లగా తేలినయ్యి ఒక బిందెడు. మిగతావన్నీ నీళ్ళలో పడగానే మొహం కూడా చూపించకుండా పోయినయ్యి!” అని పెద్దిరాజు ఏడుపూ నవ్వూ కాని మొహం పెట్టాడు. ఏసుదాసు తన రాడ్డు తీసుకుని లారీకి బిగించుకుంటూ ఈల వేశాడు.

విరిగిన యాక్సిల్ రాడ్డుకి లోకంలో రెండే దారులు. పాతసామాన్ల కొట్టు, లేకపోతే కమ్మరి కొలిమి. పెద్దిరాజు నన్ను ఆటోలో పడేసి కొట్టుకే తీసుకెళ్ళేవాడు. “దాన్ని పారెయ్యకురా, నాకు పనుంది,” అందట నాంచారమ్మ. ఆమె చెరువు గట్టు మీద నన్ను విరిగిన కొస కిందికి పెట్టి సమ్మెటతో దిగగొట్టించింది. పళ్ళెం పైకి ఉంది. వల తాడు కట్టే గూటం కావాలిట. కర్ర గూటానికైతే తాడు పైకి జారిపోతుంది, నా పళ్ళెం కింద కడితే జారదు. ఫ్యాక్టరీవాళ్ళకి ఈ ఉపయోగం తోచలేదు.

తిరగడానికి పుట్టిన నేను కదలకుండా నిలబడటం నేర్చుకున్నాను. మొదట్లో విసుగనిపించింది. తర్వాత గాలి, వెలుతురు, నీటికోళ్ళు అలవాటయ్యాయి. పెయింటు పొరలు పొరలుగా ఊడిపోయింది. నాంచారమ్మ పొద్దునా సాయంత్రమూ మేత చల్లుతూ నా పక్కనుంచే వెళ్ళేది. నీళ్ళు కొట్టక్కర్లేదు ఇప్పుడు. అయినా ఒక్కోసారి అంచున కూర్చుని చేత్తో ఊరికే కొట్టేది.

ఎండలు ముదిరాక ఒకరోజు వలవాళ్ళు వచ్చారు. చెరువంతా వల చుట్టి, ఒకవైపు తాడు నా మెడకి కట్టారు, రెండోవైపు పదిమంది పట్టుకుని లాగడం మొదలుపెట్టారు. సగం చెరువు దాకా తేలిగ్గానే వచ్చింది. ఉన్నట్టుండి తాడు బిగుసుకుంది. మెలిక నాకు కొత్త కాదు గాని ఈ లాగుడు వేరు, నేలలోంచి నన్ను పెకలించేలా ఉంది. ఇంత బరువు తవుడు బస్తాలప్పుడు కూడా ఎరగను.

నీళ్ళు తెల్లగా తెర్లాయి. వలవాళ్ళు హుషారెక్కి కేకలు పెడుతూ గుంజారు. వల అంచున చేపలు ఎగిరెగిరి ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, ఒక్కోటి మోచెయ్యంత. గట్టు మీద నాంచారమ్మ వంగి నా పళ్ళెం పట్టుకుంది. నీళ్ళలో నాని నాని గరుకెక్కిన అరచెయ్యి. పద్దెనిమిదేళ్ళు ఆ చేతుల కిందనుంచి ఎన్ని లక్షల చేపలు ఎవరెవరి చెరువుల్లోకో వెళ్ళాయి, ఒక్కదాన్నీ ఆమె పెద్దయ్యాక చూడలేదు.

“మెల్లగా లాగండ్రా,” అంది. మళ్ళీ అంది, ఈసారి గట్టిగా, చెరువంతా వినపడేలా. “మెల్లగా లాగండ్రా! అయి నా పిల్లలు!”

వలవాళ్ళు నవ్వి, మెల్లగా లాగారు.